రొమ్ములో గడ్డ తగిలింది, ముందు పాలసీ తీసుకోవాలా, ముందు పరీక్ష చేయించాలా?

తెనాలి_మరిది
అందరికీ నమస్కారం. విషయం మా వదినది, ఆవిడని అడిగే రాస్తున్నాను. వయసు 43, ఇద్దరు పిల్లలు, అన్నయ్యకి ఇక్కడే చిన్న ఫ్యాన్సీ షాపు. పోయిన నెల స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో పైన, చంక వైపు, చిన్న గడ్డ చేతికి తగిలిందట. నొప్పి లేదు. మా అమ్మకి చెప్తే వేడి చేసి ఉంటుంది, పసరు కడదాం అంది. అన్నయ్య భయపడి షాపుకి వచ్చే బీమా ఏజెంటుని అడిగాడు. ఆయనేమో "ఇప్పుడే డాక్టరు దగ్గరికి పోకండి, ఒకసారి కాగితం మీద ఎక్కిందంటే ఏ కంపెనీ పాలసీ ఇవ్వదు. ముందు పది లక్షల పాలసీ, దాంతోపాటు క్రిటికల్ ఇల్‌నెస్ అనే పెద్ద జబ్బుల పాలసీ కూడా తీసుకోండి, మూడు నెలలు ఆగి అప్పుడు పరీక్ష చేయించండి" అన్నాడు. ఇంట్లో అందరూ దీనికే మొగ్గుతున్నారు. మా మేనత్త వైద్యానికి ఎకరం పొలం అమ్ముకున్న సంగతి ఎవరూ మర్చిపోలేదు మరి. వదిన ఏమీ మాట్లాడట్లేదు. నాకైతే మూడు నెలలు ఆగడం తప్పనిపిస్తోంది కానీ, "డబ్బు ఎవరిస్తారు" అంటే నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

ఓరుగల్లు_ఆడబిడ్డ
తమ్ముడూ, రేపు పొద్దున్నే తీసుకెళ్ళు. మీ వదిన మాట్లాడట్లేదంటే ఆమెకేం కావాలో లేక కాదు, తన వల్ల ఇంటికి ఖర్చొస్తుందని నోరు మూసుకుని కూర్చుంది. మా ఇంట్లో మా పెద్దమ్మ అట్లనే కూర్చుంది. ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలి, అంతే.

సర్జన్_వైజాగ్
నేను రొమ్ము సర్జరీలు చేస్తాను. చూడకుండా ఏ జబ్బో చెప్పను, ఎవరూ చెప్పకూడదు. కానీ ఇందులో కొన్ని మాటలు ఇప్పుడే చెప్పాలి.

నొప్పి లేకపోవడం మంచి సంకేతం కాదు. క్యాన్సర్ గడ్డలు మొదట్లో చాలావరకు నొప్పి పెట్టవు, అందుకే మన ఆడవాళ్ళు నెలలకి నెలలు ఊరుకుంటారు. అదే సమయంలో, చేతికి తగిలిన ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు, ఎక్కువ శాతం కాదు కూడా. నీటి తిత్తులుంటాయి, ఫైబ్రోఎడినోమా అనే మామూలు గడ్డలుంటాయి, నెలసరికి ముందు గట్టిపడి తర్వాత తగ్గిపోయేవి ఉంటాయి. ఏది ఏదో తేల్చడానికి మూడు మెట్లున్నాయి: డాక్టరు చేత్తో చూడటం, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే)తో పాటు అల్ట్రాసౌండ్, అనుమానం ఉంటే సూదితో చిన్న ముక్క తీసి పరీక్ష, దాన్ని కోర్ బయాప్సీ అంటాం. ఈ మూడూ ఒకే మాట చెప్తేనే నమ్మకం. 40 లోపు వాళ్ళకి రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది కాబట్టి ముందు అల్ట్రాసౌండ్ చేస్తాం, మీ వదిన వయసుకి రెండూ చేస్తారు.

లక్షణం కనిపించాక మూడు నెలలకి మించి ఆలస్యమైతే ఫలితం దెబ్బతింటుందని చాలాకాలంగా తెలిసిన విషయమే. ఆ ఏజెంటు ఆగమంటున్నది సరిగ్గా ఆ మూడు నెలలే. ఈ మధ్యలో గడ్డ చంకలోని గ్రంథుల దాకా పాకితే ఆపరేషన్ పెద్దదవుతుంది, కీమో తప్పని పరిస్థితి రావచ్చు, ఖర్చూ దాంతోపాటే పెరుగుతుంది. డబ్బు కోసమని ఆగితే డబ్బే ఎక్కువ పోతుంది. పసరు కట్టొద్దు. చర్మం పుండు పడితే మాకు కూడా అసలు గడ్డ ఎంతవరకు ఉందో తెలుసుకోవడం కష్టమవుతుంది.

తెనాలి_మరిది
థాంక్యూ సార్. అన్నయ్యకి మీ పోస్టు చదివి వినిపించాను. "సరే, కానీ పాలసీ తీసుకునే అవకాశం పోతుంది కదా" అంటున్నాడు. ఆ మాట నిజమేనా?

బీమా_క్లెయిమ్స్_హైదరాబాద్
ఆరోగ్య బీమా క్లెయిములు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఏ కంపెనీ అనేది అనవసరం. మీ అన్నయ్యకి సూటిగా చెప్పండి, ఆ అవకాశం పరీక్ష చేయించడం వల్ల పోదు. గడ్డ చేతికి తగిలిన రోజే పోయింది.

ఎందుకో చూడండి. పాలసీ కోసం నింపే ప్రపోజల్ ఫారంలో గడ్డలు, కణుతులు, ఇంకా ఏ వైద్యుడికీ చూపించని లక్షణాలు ఏమైనా ఉన్నాయా అని అడిగే ప్రశ్న ఉంటుంది. "లేదు" అని టిక్ పెడితే అబద్ధం. "ఉంది" అని పెడితే, రిపోర్టు తెమ్మంటారు. ఎటూ దారి పరీక్ష దగ్గరికే వస్తుంది.

ఇక అబద్ధం పెట్టి పాలసీ తీసుకున్నారనుకోండి. మొదటి 30 రోజులు ప్రమాదాలకి తప్ప ఏ జబ్బుకీ క్లెయిమ్ ఉండదు. క్రిటికల్ ఇల్‌నెస్ అయితే మామూలుగా 90 రోజులు. ఏజెంటు మూడు నెలల లెక్క అక్కడి నుంచే వచ్చింది. నాలుగో నెలలో ఆసుపత్రిలో చేరతారు. డ్యూటీ డాక్టరు కేస్ షీట్‌లో మొట్టమొదట రాసేది ఏంటో తెలుసా? "ఎడమ రొమ్ములో గడ్డ, ఇన్ని నెలలుగా" అని. ఆ వాక్యం మీ వదినో, అన్నయ్యో నోటితో చెప్పిందే ఉంటుంది, డాక్టరు దగ్గర అబద్ధం చెప్పలేరు, చెప్పకూడదు కూడా. నేను సర్వీసులో ఉన్నంతకాలం కొత్త పాలసీ మీద పెద్ద క్లెయిమ్ వస్తే ముందు వెతికేది ఆ ఒక్క లైనునే. పాలసీ తేదీ, గడ్డ మొదలైన తేదీ పక్కపక్కన పెట్టి చూస్తాం. అంతే, రిజెక్ట్. పాలసీ కూడా రద్దవుతుంది. కట్టిన ప్రీమియం పోతుంది, మూడు నెలలు పోతాయి, ఆ తర్వాత వేరే కంపెనీకి వెళ్ళినా "మీ పాలసీ ఎప్పుడైనా రద్దయిందా" అని అడుగుతారు.

కాకినాడ_ఏజెంట్
> గడ్డ చేతికి తగిలిన రోజే పోయింది

సార్ మీద గౌరవంతోనే ఒక మాట. నేను ఏజెంటునే, అందర్నీ ఒకే గాటన కట్టొద్దు. కానీ రూల్ ప్రకారం చూస్తే ముందే ఉన్న జబ్బు అంటే పాలసీకి ముందు 36 నెలల్లో డాక్టరు నిర్ధారించినదో, డాక్టరు సలహా ఇచ్చినదో కదా. డాక్టరు దగ్గరికే వెళ్ళనప్పుడు అది ముందే ఉన్న జబ్బు ఎలా అవుతుంది? అలాంటి కేసు కొట్లాడి గెలిచినవాళ్ళు కూడా ఉంటారు.

బీమా_క్లెయిమ్స్_హైదరాబాద్
మీరు చెప్పిన నిర్వచనం కరెక్టే. అయితే క్లెయిమ్ తిరస్కరించడానికి రెండు వేర్వేరు దారులున్నాయి. ఒకటి ముందే ఉన్న జబ్బు, దానికి వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్ రాకుండా ఆగాల్సిన కాలం, 2024 నుంచి గరిష్ఠంగా 36 నెలలే. రెండోది తెలిసిన విషయం దాచడం. డాక్టరుకి చూపించకపోయినా ఆమెకి తెలుసు, ఫారం అడిగింది, ఆమె దాచింది. ఇది రెండో దారి. పాలసీ ఆపకుండా 60 నెలలు నడిచాక మాత్రం, మోసం అని నిరూపిస్తే తప్ప, దాచారన్న కారణంతో క్లెయిమ్ ఆపకూడదు. అరవై నెలలు ఈ గడ్డతో ఎవరైనా ఆగుతారా?

కొట్లాడి గెలిచినవాళ్ళు ఉండొచ్చు తమ్ముడూ. ఒంట్లో గడ్డ పెట్టుకున్న మనిషిని, గెలుస్తుందో లేదో తెలియని తగాదా మీద నిలబెట్టడం ధర్మం కాదు.

గోదావరి_గట్టు
ఇంతసేపూ ఎవరూ అసలు ప్రశ్న అడగలేదేంటి? తెనాలి బ్రదర్, మీ అన్నయ్యకి రైస్ కార్డు ఉందా? ఎన్టీఆర్ వైద్యసేవలో, అంటే పాత ఆరోగ్యశ్రీ, క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ మూడూ ఉన్నాయి. దానికి వెయిటింగ్ పీరియడ్ లేదు, జబ్బు ముందే ఉందా అని అడిగేవాళ్ళూ లేరు. మీకు గుంటూరు పెద్దాసుపత్రి ఎంత దూరం? అక్కడ నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ బ్లాకు ఉంది. పాలసీ కోసం మూడు నెలలు ఆగడం కంటే ఆధార్, రేషన్ కార్డు జేబులో పెట్టుకుని గుంటూరు బస్సెక్కడం మేలు. ఏ సందేహం ఉన్నా 104కి ఫోన్ చేస్తే చెప్తారు.

తెలంగాణ వాళ్ళకి రాజీవ్ ఆరోగ్యశ్రీ, 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా. హైదరాబాద్‌లో రెడ్ హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉండనే ఉంది. వైజాగ్ వైపు వాళ్ళకి అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా ఆసుపత్రి. ఇంట్లో 70 దాటినవాళ్ళు ఉంటే 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు మీద 5 లక్షలు.

తెనాలి_మరిది
రైస్ కార్డు ఉందండీ! దాన్ని బియ్యం కోసం తప్ప ఎప్పుడూ వాడలేదు, ఇంట్లో ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు. అన్నయ్య మొహంలోకి కళ వచ్చింది. సోమవారం గుంటూరు వెళ్తున్నాం.

నెల్లూరు_టీచర్
అమ్మయ్య, మంచి మాట విన్నాను. నేను రొమ్ము క్యాన్సర్ దాటి వచ్చినదాన్ని, గవర్నమెంటు టీచర్ని, నా వైద్యం ఎంప్లాయీస్ హెల్త్ స్కీమ్‌లో అయింది. నా గడ్డని నేనే కనుక్కున్నాను కాబట్టి, చదివే ఆడవాళ్ళ కోసం ఎలా చూసుకోవాలో వివరంగా రాస్తాను. మగవాళ్ళు కూడా చదివి ఇంట్లో చెప్పండి, సిగ్గుపడొద్దు.

ఎప్పుడు చూసుకోవాలంటే నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కపెట్టి ఏడో రోజుకీ పదో రోజుకీ మధ్య. అప్పుడు రొమ్ములు మెత్తగా ఉంటాయి, వాపు, సలుపు ఉండవు. నెలసరి ఆగిపోయినవాళ్ళు నెలకి ఒక తారీఖు పెట్టుకుంటే చాలు.

ముందు అద్దం ముందు, పైన బట్ట లేకుండా, మంచి వెలుతురులో నిలబడాలి. చేతులు కిందికి వదిలి ఒకసారి, తల మీదికి ఎత్తి ఒకసారి, నడుము మీద పెట్టి గట్టిగా నొక్కి ఒకసారి. చేతులు ఎత్తినప్పుడే కొన్ని బయటపడతాయి. చర్మం ఒకచోట లోపలికి లాగినట్టు సొట్ట పడటం, కమలాపండు తొక్కలా గరుకుగా గుంటలు గుంటలుగా అవడం, బయటికి ఉండే చనుమొన కొత్తగా లోపలికి పోవడం, మొన మీద మానని పుండు, నొక్కకుండానే రక్తం లాంటిది కారడం. రెండు రొమ్ములు ఒకే సైజులో లేకపోతే కంగారు పడొద్దు, చాలామందికి ఉండవు. ఈ మధ్య మారిందా అన్నదే చూడాలి.

తర్వాత వెల్లకిలా పడుకుని, కుడి రొమ్ము చూసేటప్పుడు కుడి భుజం కింద చిన్న దిండు, కుడి చెయ్యి తల కింద. ఎడమ చేతి మధ్య మూడు వేళ్ళు కలిపి, వేలి కొసతో కాదు, వేలిముద్ర వేసే మెత్తటి భాగంతో, చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు నొక్కాలి. ఒక్కో చోట మూడుసార్లు: పైపైన, కాస్త గట్టిగా, పక్కటెముక తగిలేంత గట్టిగా. గోళ్ళతో పట్టి పిండకూడదు. అలా పట్టుకుంటే మామూలు కండ కూడా గడ్డలానే అనిపిస్తుంది. పైన మెడ ఎముక దగ్గర మొదలుపెట్టి కింద బ్రా పట్టీ దాకా, మళ్ళీ పైకి, వరసలు వరసలుగా, చంక నుంచి రొమ్ముల మధ్య ఎముక దాకా. చివర్లో చంక గుంట. నా గడ్డ ఉన్నది అక్కడే, చంకకి ఆనుకుని, అద్దంలో ఏమీ కనిపించలేదు. చాలామంది చంక వదిలేస్తారు, గుండ్రంగా ఉన్న భాగం మాత్రమే చూసుకుని అయిపోయింది అనుకుంటారు. స్నానంలో సబ్బు చేత్తో చూసుకుంటే వేళ్ళు బాగా జారతాయి, ఇంకా తేలిగ్గా తెలుస్తుంది.

రొమ్ము కింది అంచున కొందరికి గట్టి కట్టలా తగులుతుంది, రెండు వైపులా ఒకేలా ఉంటే అది మామూలే. నాలుగైదు నెలలు చూసుకున్నాక మీ ఒంట్లో ఏది మామూలో మీ చేతికే తెలుస్తుంది, కొత్తది వస్తే వెంటనే పట్టేస్తారు.

డాలస్_అల్లుడు
అక్కా చాలా బాగా చెప్పారు. ఒక సందేహం, తప్పుగా అనుకోకండి. ఇక్కడ అమెరికన్ క్యాన్సర్ సొసైటీ వాళ్ళు 2015 నుంచి స్వీయ పరీక్షని సిఫార్సు చేయడం మానేశారు. 2024లో ఇక్కడి టాస్క్‌ఫోర్స్, అంటే ఏ పరీక్షలు ఎప్పుడు చేయించుకోవాలో చెప్పే నిపుణుల బృందం, 40 నుంచి 74 దాకా రెండేళ్ళకోసారి మామోగ్రామ్ చేయించుకోమంది. చేత్తో చూసుకోవడం వల్ల ప్రాణాలు నిలబడతాయని రుజువు లేదంటారు. గుంటూరులో ఉన్న మా అమ్మకి ఏమని చెప్పాలి?

సర్జన్_వైజాగ్
మంచి ప్రశ్న, దాచకుండా చెప్పాల్సిన విషయం. షాంఘైలో రెండు లక్షల అరవై వేల మందికి పైగా బట్టల మిల్లు కార్మికులతో పెద్ద అధ్యయనం జరిగింది, ఫలితాలు 2002లో వచ్చాయి. స్వీయ పరీక్ష నేర్పినవాళ్ళలో, నేర్పనివాళ్ళలో మరణాలు ఒకేలా ఉన్నాయి. నేర్పినవాళ్ళలో మామూలు గడ్డలకి బయాప్సీలు మాత్రం పెరిగాయి. అమెరికా మానేయడానికి అదొక కారణం, రెండోది అక్కడ మామోగ్రామ్ అందరికీ అందుతుంది.

మన దగ్గర పరిస్థితి వేరు. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్ళు లక్షన్నర మంది ఆడవాళ్ళ మీద 20 ఏళ్ళు నడిపిన అధ్యయనం 2021లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో పరీక్షిస్తే, క్యాన్సర్‌ని ముందు దశలోనే పట్టుకోగలిగారు, 50 దాటినవాళ్ళలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 50 లోపు వాళ్ళలో అంత తేడా రాలేదు. గమనించండి, అక్కడ చూసింది శిక్షణ ఉన్న చెయ్యి. కాబట్టి మీ అమ్మగారికి నా సలహా: నెలకోసారి తన ఒళ్ళు తాను చూసుకోవాలి, ఏడాదికో రెండేళ్ళకో డాక్టరు చేతో నర్సు చేతో చూపించుకోవాలి, అందుబాటులో ఉంటే మామోగ్రామ్ కూడా. స్వీయ పరీక్షలో ఏమీ తగల్లేదని మామోగ్రామ్ మానేయకూడదు, పోయినేడాది మామోగ్రామ్ బాగుందని ఇప్పుడు తగిలిన గడ్డని వదిలేయకూడదు.

2022 అంచనాల్లో మన దేశంలో ఏడాదికి 1,92,000 కొత్త రొమ్ము క్యాన్సర్ కేసులు, 98,000కి పైగా మరణాలు. ఇంతమంది చనిపోతున్నారంటే మందులు లేక కాదు, చాలామంది ఆలస్యంగా రావడం పెద్ద కారణం. ఐదు సెంటీమీటర్లు దాటిన గడ్డతో, చర్మం పగిలాక వచ్చేవాళ్ళని ఇప్పటికీ చూస్తున్నాను. వాళ్ళలో గడ్డ సంగతి ముందే తెలియనివాళ్ళు ఒక్కరూ లేరు.

ఏఎన్ఎం_ఖమ్మం_వైపు
సార్ చివరి మాట నూటికి నూరు పాళ్ళు నిజం. మేము 30 దాటినవాళ్ళకి షుగరు, బీపీ, నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ చేస్తాం. బీపీ చూడమంటే చెయ్యి చాపుతారు. రొమ్ము పరీక్ష అనగానే "నాకేం లేదులే సిస్టర్" అని చీర సర్దుకుంటారు. అత్తగారు వసారాలో కూర్చుని ఉంటే అస్సలు ఒప్పుకోరు. అందుకే నేను ముందు నీళ్ళు అడుగుతాను, వంటింట్లోకి వెళ్ళి అక్కడ మెల్లగా అడుగుతాను. అప్పుడు చెప్తారు. "ఉంది సిస్టర్, కానీ నొప్పి లేదు" అని. ఇంట్లో చెప్పావా అంటే "పత్తి తీతలు అయ్యాక చెప్దామని" అంటారు. అక్కలూ, మీ ఊళ్ళో ఆరోగ్య ఉపకేంద్రంలో ఈ పరీక్ష ఉచితం, ఆడవాళ్ళమే చేస్తాం, తలుపు వేసే చేస్తాం. అడగండి.

తెనాలి_మరిది
అప్‌డేట్. డాక్టరమ్మ చేత్తో చూసి మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ రాశారు. రిపోర్టులో "బైరాడ్స్ 4" అని ఉంది, సైజు సుమారు సెంటీమీటరున్నర. సూది పరీక్ష చేయాలన్నారు. ఇక్కడ మళ్ళీ గొడవ, సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్ళంతా పాకుతుందని మా పిన్ని ఏడుస్తోంది. వదిన మాత్రం మొదటిసారి గట్టిగా "నేను చేయించుకుంటాను" అంది.

సర్జన్_వైజాగ్
వదినగారికి నా తరఫున శభాష్ చెప్పండి. సూది పరీక్ష వల్ల క్యాన్సర్ పాకదు. పరీక్ష లేకుండా నేరుగా కోసి గడ్డ తీసేయమనేవాళ్ళు ఉంటారు, అదే నష్టం, ఎంత మేర తీయాలో తెలియకుండా కోస్తే రెండోసారి ఆపరేషన్ పడుతుంది. బైరాడ్స్ అంటే స్కాన్ చూసిన డాక్టరు అనుమానానికి వేసే అంకె. 2 అంటే మామూలు గడ్డ. 3 అయితే క్యాన్సర్ అవకాశం 2 శాతం లోపే, ఆరు నెలల్లో మళ్ళీ చూస్తాం. 4 అంటే ముక్క తీసి చూడాల్సిందే, 5 అంటే దాదాపు ఖాయం. 4 వచ్చినవాళ్ళలో చాలామందికి చివరికి క్యాన్సర్ కాదని తేలుతుంది కూడా. క్యాన్సరే అయితే ఆ ముక్క మీదే ఈఆర్, పీఆర్ (గడ్డ హార్మోన్లతో పెరిగేదా అని), హెర్2 (ఒక ప్రొటీన్ ఎక్కువగా ఉందా అని) పరీక్షలు చేయించండి. మందు ఏదో తేల్చేది అవే.

కూకట్‌పల్లి_కోడర్
ఈ థ్రెడ్ మొదటి నుంచి చదువుతున్నా. నాకు 31, ఆరోగ్యంగానే ఉన్నా, మా అమ్మకి 49లో రొమ్ము క్యాన్సర్ వచ్చింది, ఇప్పుడు బాగుంది. నాకు కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీ 5 లక్షలు ఉంది. అది చాలా, ఇంకేమైనా తీసుకోవాలా? క్రిటికల్ ఇల్‌నెస్, క్యాన్సర్ పాలసీ అని రోజూ ఫోన్లు చేసి చంపుతున్నారు, తేడా అర్థం కావట్లేదు.

బీమా_క్లెయిమ్స్_హైదరాబాద్
అమ్మా, నీలాంటివాళ్ళు అడగాల్సిన సమయంలో అడిగావు. ఒంట్లో ఏమీ లేనప్పుడే ఇవన్నీ తీసుకోవాలి.

గ్రూపు పాలసీలో సాధారణంగా మొదటి రోజు నుంచే పాత జబ్బులకీ కవర్ ఉంటుంది, అది పెద్ద సుగుణం. పెళ్ళయితే భర్తని, వీలుంటే అమ్మని కూడా చేర్చు. కానీ ఉద్యోగం పోయిన రోజు అది కూడా పోతుంది, క్యాన్సర్ వైద్యంలో ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోవడం నేను చాలా చూశాను. అందుకని సొంతంగా ఒక మామూలు ఆరోగ్య పాలసీ ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీ ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు, ఆ మేరకు భారం తగ్గింది. తీసుకునేటప్పుడు ప్రపోజల్ ఫారంలో అమ్మ జబ్బు సంగతి అడిగితే రాయి, దాచకు. ఫారం ఏజెంటు చేత నింపించకు, నువ్వే నింపు, కాపీ దాచుకో.

పాలసీ పత్రంలో వెతకాల్సినవి చెప్తాను. గది అద్దెకి పరిమితి ఉందా? ఉంటే, అంతకంటే ఖరీదైన గదిలో చేరినప్పుడు గది తేడానే కాదు, ఆపరేషన్ ఫీజులాంటివి కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. కీమోకి 24 గంటలు చేరి ఉండక్కర్లేదు, డే కేర్ కింద వస్తుంది. నోటి మాత్రల కీమో, యాంటీబాడీ ఇంజెక్షన్లు "ఆధునిక చికిత్సలు" అన్న లిస్టులో ఉంటాయి, వాటికి ఎంత ఇస్తారో చూడు. ఉదాహరణకి ఆరోగ్య సంజీవని అనే ప్రామాణిక పాలసీలో బీమా మొత్తంలో సగం వరకే. హెర్2 పాజిటివ్ వస్తే ట్రాస్టుజుమాబ్ అనే యాంటీబాడీ ఇంజెక్షన్ మూడు వారాలకోసారి ఏడాది పాటు పడుతుంది, ఆ పరిమితి అక్కడ తగులుతుంది. బీమా మొత్తం అయిపోతే మళ్ళీ నింపే సౌకర్యం అదే జబ్బుకి కూడా వర్తిస్తుందా అని కూడా అడుగు.

క్రిటికల్ ఇల్‌నెస్ వేరే రకం. జబ్బు నిర్ధారణ అయితే మొత్తం ఒకేసారి చేతికిస్తారు, ఆసుపత్రి బిల్లుతో పని లేదు. ఇంటి ఈఎంఐ, పిల్లల ఫీజులు, జీతం రాని నెలలు, వీటికి పనికొస్తుంది. అందరూ చూడని షరతు ఒకటుంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిర్వచనంలో కార్సినోమా ఇన్ సైటు, అంటే పాల నాళం దాటి బయటికి రాని తొలి దశ, క్యాన్సర్ కింద లెక్కకి రాదు. మామోగ్రామ్‌లో తొందరగా పట్టుకున్న పాపానికి పైసా రాదన్నమాట. తొలి దశకి కూడా కొంత భాగం ఇచ్చే క్యాన్సర్ పాలసీలు వేరే ఉన్నాయి, అవి చదివి చూడు. నిర్ధారణ తర్వాత కొన్ని రోజులు, చాలావాటిలో 30 రోజులు, బతికి ఉంటేనే ఇస్తారన్న షరతు కూడా ఉంటుంది.

నా మాట అడిగితే ముందు మంచి ఆరోగ్య పాలసీ, తర్వాత మీ ఇల్లు నీ జీతం మీద నడుస్తుంటే క్రిటికల్ ఇల్‌నెస్. బిల్లు కట్టే పాలసీ లేకుండా రెండోది ఒక్కటే తీసుకోవద్దు.

సర్జన్_వైజాగ్
కోడర్ అమ్మా, మీ అమ్మగారికి 50 లోపే వచ్చింది కాబట్టి ఆవిడ రిపోర్టులు పట్టుకుని ఒకసారి క్యాన్సర్ వైద్యుణ్ణి కలువు, జన్యు పరీక్ష అవసరమా, నీకు స్క్రీనింగ్ ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది వాళ్ళు చెప్తారు. వంశపారంపర్యంగా వచ్చేవి మొత్తం కేసుల్లో 5 నుంచి 10 శాతమే. ఇంట్లో ఎవరికీ లేదని ధీమాగా ఉండేవాళ్ళు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి.

తెనాలి_మరిది
రిపోర్టు వచ్చింది. క్యాన్సరే. హార్మోన్ పాజిటివ్, హెర్2 నెగెటివ్. చంకలో గ్రంథులు స్కాన్‌లో మామూలుగానే ఉన్నాయట. రొమ్ము మొత్తం తీయక్కర్లేదు, గడ్డ వరకు తీసి తర్వాత రేడియేషన్ ఇస్తామన్నారు. వైద్యసేవలో అప్రూవల్ వచ్చింది, ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర డెస్క్‌లో అమ్మాయి దగ్గరుండి కాగితాలు చేయించింది. రాత్రి అన్నయ్య ఆ ఏజెంటుకి ఫోన్ చేసి పాలసీ వద్దని చెప్పేశాడు. వదిన అడగమన్న ప్రశ్న ఒకటుంది. ఆసుపత్రి ఖర్చు సరే, రోజూ గుంటూరు తిరగడం, షాపు మూసేయడం, ఇవి ఎట్లా?

నెల్లూరు_టీచర్
వదినమ్మకి నా ధైర్యం చెప్పు నాయనా. ఈ దశలో పట్టుకోవడం నిజంగా మేలు. హార్మోన్ పాజిటివ్ కాబట్టి తర్వాత ఏళ్ళ తరబడి మాత్ర వేసుకోవాలి, టామాక్సిఫెన్ రాస్తే అది చవకే, భయపడొద్దు. ఒక్క రోజు కూడా మానకూడదు, అదే ముఖ్యం.

పై ఖర్చుల మాట నిజమే, నాకూ వైద్యం ఉచితమే కానీ ఆటోలు, బయటి తిండి, తోడొచ్చినవాళ్ళ పని నష్టం కలిపితే చిన్నది కాలేదు. రేడియేషన్ వారానికి ఐదు రోజులు, మూడు వారాలో ఇంకొంచెం ఎక్కువో ఉంటుంది. ఆ రోజులకి ఒకే టైము ఇవ్వమని టెక్నీషియన్‌ని అడగండి, పొద్దున్నే అయితే అన్నయ్య తిరిగొచ్చి షాపు తీసుకోవచ్చు. రైల్లో అయితే క్యాన్సర్ పేషెంట్లకి చికిత్సకి వెళ్ళి రావడానికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో పూర్తి రాయితీ, తోడు ఒకరికి 75 శాతం. ఆసుపత్రి ఇచ్చే రాయితీ సర్టిఫికెట్ కౌంటర్లో చూపించాలి. ఆపరేషన్ చేసిన వైపు చెయ్యికి ఫిజియోథెరపీ వాళ్ళు చెప్పే వ్యాయామాలు మొదటి వారం నుంచే చేయించండి, బిందెలు మోయనివ్వకండి.

పాశమైలారం_షిఫ్ట్
ఇదే సందర్భంలో అడుగుతున్నా. మా ఆవిడ ఇక్కడ మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్, ఆరేళ్ళ నుంచి ఈఎస్ఐ (కార్మికుల బీమా) కటింగ్ ఉంది, జీతం 19 వేలు. ఆమెకి రొమ్ము ఆపరేషన్ అయి కీమో నడుస్తోంది. సెలవులు అయిపోయాయి, సూపర్‌వైజర్ రాజీనామా చేసి, బాగయ్యాక రమ్మంటున్నాడు. చేయమంటారా?

బీమా_క్లెయిమ్స్_హైదరాబాద్
వద్దు బాబూ, రాజీనామా మీద సంతకం పెట్టనివ్వకు. ఈఎస్ఐలో క్యాన్సర్ లాంటి దీర్ఘ జబ్బులు 34 ఉన్నాయి, వాటికి పొడిగించిన సిక్‌నెస్ బెనిఫిట్ అని ఇస్తారు, జీతంలో 80 శాతం, రెండేళ్ళ వరకు. రెండేళ్ళ సర్వీసు, అంతకుముందు నాలుగు కంట్రిబ్యూషన్ పీరియడ్లలో (ఒక్కోటి ఆరు నెలల చందా కాలం) కనీసం 156 రోజుల చందా ఉండాలి. ఆరేళ్ళ నుంచి కడుతున్నారు కాబట్టి మీకు ఇబ్బంది ఉండకపోవచ్చు. సిక్‌నెస్ బెనిఫిట్ తీసుకుంటున్న కాలంలో కార్మికుణ్ణి ఉద్యోగంలోంచి తీసేయకూడదని 1948 నాటి ఈఎస్ఐ చట్టంలో ఉండేది, ఇప్పటి నిబంధన ఏమిటో బ్రాంచి ఆఫీసులో అడుగు. అందుకే కాబోలు వాళ్ళు తీసేయకుండా ఆమె చేతే రాజీనామా అడుగుతున్నారు.

రేపు చేయాల్సింది: బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ డిశ్చార్జ్ సమ్మరీ, కీమో షెడ్యూల్, ఈఎస్ఐ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు తీసుకుని మీ డిస్పెన్సరీకి వెళ్ళు. మెడికల్ సర్టిఫికెట్ ఎప్పటికప్పుడు తీసుకుంటూ ఉండాలి, మధ్యలో తేదీలు తెగకూడదు. అవి బ్రాంచి ఆఫీసులో ఇచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకో. డిస్పెన్సరీలో కాదంటే సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రికి రెఫరల్ అడుగు. సూపర్‌వైజర్ అడిగింది నోటి మాటగానే అడిగాడా, కాగితం ఏమైనా ఇచ్చాడా? ఇచ్చి ఉంటే అందులో ఏముందో ఇక్కడ రాయి, చూసి చెప్తాను.